మేకు, సున్నం, కిరసనాయిలు

పోయిన శనివారం మా సర్వే ఆఫీసు హాల్లో ఒక దొర మ్యాజిక్ లాంతరు పెట్టి గోడమీద బొమ్మలు చూపించాడు. గుమస్తాలందరూ తప్పకుండా రావాలని చీటీ తిప్పారు కాబట్టి వెళ్ళాను. బొమ్మలు నైరోబి పట్నానివి. ఈ దొర ఆఫ్రికాలో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి మా రంగూన్‌కి బదిలీ మీద వచ్చాడు. "పాతికేళ్ళ కిందట అక్కడ ఏమీ లేదు, ఎవరూ లేరు. బురద, కప్పలు, అంతే. మనం వెళ్ళాం. ఇవాళ అది ఒక రాజధాని" అన్నాడు. రైలు స్టేషను చూపించాడు, గుర్రప్పందేల మైదానం చూపించాడు, గుట్టమీద బంగళాలు చూపించాడు. చచ్చిన సింహం మీద కాలు పెట్టి నిలబడ్డ ఇంకో దొరని కూడా చూపించాడు. హాలంతా ఆహా అంది.

తరవాత ఒక పాత బొమ్మ వచ్చింది. బురదనేల, నిలువెత్తు తుంగ, మధ్యలో మూడుకాళ్ళ దుర్బిణీ, దాని వెనక టోపీ పెట్టుకున్న దొర. పట్నానికి పునాది వేసిన రోజులట. ఆ బొమ్మ కుడి అంచున ఒక చెయ్యి ఉంది. మోచేతి దాకానే ఉంది. పట్టీలు వేసిన కొలకర్రని బిగించి పట్టుకుంది. ఆ చేతికి వెనక మనిషి లేడు. బొమ్మ తీసినవాడికి చెయ్యి చాలింది కాబోలు.

అది ఎవరి చెయ్యైనా కావచ్చు. ఆ పనికి వెళ్ళినవాళ్ళు ఒకరా ఇద్దరా? కాని నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి, "అయ్యా, ఆ చెయ్యి ఎవరిది?" అని అడుగుదామనుకున్నాను. అడగలేదు. ఆఖర్న అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలోంచి మా పెద్ద గుమస్తా వెనక్కి తిరిగి ఎవరు కొడుతున్నారో, ఎవరు కొట్టడం లేదో చూస్తున్నాడు. నేనూ కొట్టాను. వారం రోజులైంది, ఆ కోపం ఇంకా దిగలేదు. దొరమీద సగం, నామీద సగం. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

మా ఆఫీసులో ఒక ముసలాయన ఉండేవాడు. గొలుసు పట్టడం ఆయన పని. భూమి కొలవడానికి వంద అడుగుల ఇనప గొలుసు ఉంటుంది. ఒకడు ముందు కొస పట్టుకుని నడుస్తాడు, ఇంకొకడు వెనక కొస పట్టుకుని నిలబడతాడు. ఈయన ఎప్పుడూ వెనక కొసే. నేను పక్కన నడుస్తూ కొలతలు పుస్తకంలో ఎక్కించేవాణ్ణి. ఆయన పేరు రాయను. హాజరు పట్టీలో రోజూ నా చేత్తో రాసిన పేరే. ఒకసారి రాయకూడని కాగితం మీద కూడా రాశాను. ఆ తరవాత ఆ పేరు రాసే మొహం నాకు లేదు. అందరూ ఆఫ్రికా తాత అనేవారు. నేనూ తాతా అనే పిలిచేవాణ్ణి.

గంజాం జిల్లాలో సముద్రపొడ్డు మనిషి. మన తీరం వెంట రైలు దారి వేసేటప్పుడు ఒక సర్వే దొర దగ్గర గొలుసు పట్టడం నేర్చుకున్నాడు. ఆ దొరకి ఆఫ్రికాలో రైలు పని దొరికితే, పెట్టెలతో పాటు ఈయన్నీ ఓడెక్కించాడు. తిరిగొచ్చాక సొంతూళ్ళో కాలు నిలవక, అందరిలాగే రంగం ఓడ ఎక్కి ఈ రంగూన్ చేరాడు. ఆయన కథ అంతకంటే నాకు తెలీదు. పెళ్ళాం పిల్లల సంగతి అడిగితే చుట్ట వెలిగించుకునేవాడు.

సన్నటి మనిషి. కుడిచేతి వేళ్ళు గొలుసు పట్టీ పట్టీ వంకరపోయి, ఎంత చాచినా పూర్తిగా చాచుకునేవి కావు. దారిన నడుస్తూ అడుగులు లెక్కపెట్టుకునేవాడు. పజుండౌంగ్ బజారు నుంచి మా ఇంటికి ఎన్ని అడుగులో ఆయనకి తెలుసు. నేలమీద పరిచిన గొలుసుని ఎవరైనా దాటితే బూతులు తిట్టేవాడు. ఆ విషయంలో దొర అయినా ఒకటే, గుమస్తా అయినా ఒకటే. దొరకి తెలుగు రాకపోవడం వల్ల ఆయన ఉద్యోగం నిలిచింది.

సింహాల గురించి అడిగితే మాత్రం మండిపడేవాడు. ఆఫ్రికా అనగానే అందరికీ సింహాలే కావాలి. రైలు పనివాళ్ళని సింహాలు ఎత్తుకుపోయేవట కదా, నువ్వు చూశావా, ఎంత ఉంటుంది, గాండ్రిస్తే ఎలా ఉంటుంది? మా ఆవిడ కూడా అడిగింది.

"సింహం అమ్మా, కడుపు నిండితే పోతాది. ఎనక్కి తిరిగి సూడదు. ఈ గొలుసుకి కడుపు లేదు. దీని సంగతి అడగండి, సెప్తాను," అన్నాడు.

ఆయన అలవాట్లలో అప్పటి మా దొరకి బాగా నవ్వొచ్చేది ఒకటుంది. ఎక్కడ మేకు పాతాలన్నా ముందు ఎవర్నో ఒకర్ని అడిగేవాడు. పక్కన ఇంటివాళ్ళుంటే వాళ్ళని, దారినపోయే మనిషిని, మనిషి లేకపోతే మేస్తున్న గేదెని. "ఇక్కడ పెట్టొచ్చా?" అని తెలుగులో, "యలా?" అని బర్మాలో. బర్మావాళ్ళు నవ్వి, యదే, పెట్టుకో అనేవారు. సర్కారు మేకుని వద్దనడానికి వాళ్ళకీ ధైర్యం ఉండదు కదా. ఆ మాట విన్నాకే సుత్తి ఎత్తేవాడు. గేదె అయితే తల ఆడించేదాకా నిలబడేవాడు. దొర గడియారం చూసుకునేవాడు.

ఇంకొక అలవాటు మీకు చెప్పాలి, ఎందుకంటే దానితోనే అంతా జరిగింది. మావైపు ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు, అలా సాగుతుంది లెక్క. తాత భూమిని కూడా అలాగే కొలిచేవాడు. ముందు మనిషి చేతిలో పది ఇనప చువ్వలు ఉంటాయి, ప్రతిదానికీ కొసన ఎర్రగుడ్డ పేలిక. ఒక గొలుసు నిడివి కాగానే అతను ఒక చువ్వ గుచ్చి ముందుకు పోతాడు. వెనక తాత దాన్ని పీకి, చేతిలో పెట్టుకుని, లెక్క గట్టిగా అరుస్తాడు. "లాబం!" అని మొదలై, తాత చేతిలో పది చువ్వలు చేరేసరికి పది గొలుసులు అయినట్టు. ఆ అరుపు విని నేను రాసుకునేవాణ్ణి. ముందు మనిషి బీహారు వాడు. అతనికి గాని దొరకి గాని ఆ అంకెలు తెలీవు, చేతిలో చువ్వలు చూస్తారంతే. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

నైరోబి కథ నాకు మా ఇంట్లో, అన్నం పళ్ళెంలో చెప్పాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనానికి పిలిచాం. నేను ఏదో పేపర్లో చదివి, కాస్త గర్వంగానే, "అయితే తాతా, ఆ పట్నం మనవాళ్ళే కట్టారన్నమాట!" అన్నాను. తాత ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు.

"ఏటి కట్టినాం?" అన్నాడు. "ఇటు సూడు."

అన్నాన్ని పళ్ళెంలో ఒక పక్కకి ఎత్తుగా కుప్ప చేశాడు. "ఇదీ గుట్ట. దీనిమీద దొరల బంగళాలు. గాలి బాగుంతాది, నీరు నిలవదు." కుప్ప పక్కన వేలితో ఒక గీత లాగాడు. "ఇది రైలు." గీతకి అవతల పళ్ళెం పల్లంగా ఉన్న చోట మా ఆవిడ పోసిన చారు నిలిచి ఉంది. "ఇది ఏరు. ఆ మాసాయోళ్ళు, అక్కడ గొడ్లు మేపుకునీవోళ్ళు, దాన్ని సల్లటి నీళ్ళు అనీవోరు, నైరోబి అంటే అదే. ఏరు పొడుగునా తుంగ, నల్ల రేగడి, మోకాటి లోతు. గొడ్లు తాగీవి. ఈ సారులో పెట్టినారు బజారు. ఎవులికి? మనోళ్ళకి. కొట్లోళ్ళకి, సాకలోళ్ళకి, కూలోళ్ళకి."

"మరి అక్కడి వాళ్ళు? నల్లవాళ్ళకి ఎక్కడిచ్చారు?" అని మా ఆవిడ అడిగింది.

తాత పళ్ళెం అంచు దాటించి, నేలమీద వేలు పెట్టి చూపించాడు. "ఆళ్ళకి పళ్ళెంలో సోటు లేదమ్మా."

ఆయన కోపం అక్కడితో ఆగలేదు. వాన పడితే బజారు నడుం లోతు నీళ్ళలో ఉండేదట. పెంట ఎత్తేవాడు లేడు, కాలవ తవ్వేవాడు లేడు. గుట్టమీంచి దొరల మురుగంతా కూడా అక్కడికే దిగేది. ఎలకలు చచ్చాయి, మనుషులు చచ్చారు, మహమ్మారి అన్నారు. మీ మురికివల్లే వచ్చిందన్నారు. తలుపులమీద సున్నంతో అంకెలు వేశారు. ఒకనాడు పొద్దున్నే డబ్బాలతో కిరసనాయిలు తెచ్చి బజారుని ఈ కొస నుంచి ఆ కొస దాకా తగలబెట్టారు. తాత పక్కబట్టలు, ఇత్తడి చెంబు, ఇంటినుంచి పట్టుకెళ్ళిన దుప్పటి అన్నీ దాంట్లోనే పోయాయి.

"ఆ బజారు మేకులు పాతింది నానే. ఏ గుంజ ఎక్కడో నాకు తెలుసు. పల్లంలో కొలిసి ఇచ్చింది ఆళ్ళు, బురదలో ఉన్నారేటని తిట్టింది ఆళ్ళు, కాల్సింది ఆళ్ళు. కాల్సీసి, మళ్ళీ నన్నే పిలిసి, గొలుసు తెమ్మన్నారు, మళ్ళీ కొలవాలట!" అని పళ్ళెం మీద చెయ్యి కొట్టాడు. చారు చాపమీద చిందింది. "పట్నం ఎలాగ పుడతాదని అడిగితే ఇదే సెప్పు బాబూ. మేకు, సున్నం, కిరసనాయిలు. అంతే. ఇంకేటీ లేదు."

ఆ ముక్క ఆయన నోట వందసార్లు విన్నాను. రంగంలో గీత గీసినట్టున్న వీధులు చూసినా, చెరువుల పక్కన చల్లగా ఉండే దొరల తోటలు చూసినా, ఒకే గదిలో వంతులవారీగా నిద్రపోయే మన రేవు కూలీల బసలు చూసినా, అదే ముక్క. మొదట్లో నాకు విసుగొచ్చేది. ఇక్కడ మేకు దాకా అయింది, ఇంక సున్నం ఎప్పుడో అని ఎగతాళి కూడా చేశాను. నవ్వినవాణ్ణి నేనే, గుర్తుంది.

రెండో కథ ఆయన ఇంకెవరికీ చెప్పలేదు. పజుండౌంగ్ క్రీకు అనే ఏటిపాయ ఒడ్డున దా మ్యా అని ఒక బర్మా ముసలమ్మ మొహింగా అమ్మేది. చేపల పులుసులో సన్న సేమ్యా వేసి ఇస్తుంది, పొద్దుటి పూట మాకు అదే ఫలహారం. ఆమె గుడిసె పక్కనే వరసగా పద్నాలుగు గుడిసెల్లో మన శ్రీకాకుళం వైపు వాళ్ళు ఉండేవారు. బియ్యం మిల్లుల్లో, పడవల మీద మూటలు మోసేవాళ్ళు. ఆమె ముందునుంచీ ఉన్న మనిషి. మనవాళ్ళు వచ్చి ఒక్కొక్క గుడిసే వేసుకుంటూ ఉంటే జరిగి చోటిచ్చింది. ఆమె దగ్గర బల్లమీద కూర్చుని తింటూ, ఒక పొద్దున నేనే అడిగాను, ఆ పెట్టొచ్చా అని అడిగే అలవాటు ఎక్కడ పట్టిందని.

"నైరోబిలో మొదటి మేకులు పాతిన రోజులు. ఒక మేకు ఏటి పక్కన పాతినాను. తెల్లారి సూస్తే పీకీసి ఉంది. పారీనేదు. పక్కన గడ్డిమీద జాగర్తగా పెట్టి ఉంది, ఎవులిదో వస్తువు మరిసిపోతే తీసి పెట్టినట్టు. మళ్ళీ పాతినాను. మళ్ళీ పీకీసినారు. మూడు రోజులు ఇదే. మూడో రోజు కాపు కాసినాను. ఒక ముసలోడు, మాసాయోడు, గొడ్లు తోలుకొచ్చి, ఆ మేకు గొడ్లు దిగీ దారిలో ఉందని పీకి పక్కన పెట్టినాడు. నన్ను సూసినాడు. నవ్వినాడు కూడా. నాను దొరకాడికి ఎల్లి, ఈడే, అని ఏలు సూపించినాను."

"తరవాత?"

"తరవాతేటి? తోలు ఊడీలాగ కొట్టినారు. ఆడి గొడ్లు తోలుకుపోనారు. కొడతన్నప్పుడు కూడా ఆడు నన్నే సూస్తన్నాడు. ఒక్క మాట, 'ఇక్కడ పెట్టొచ్చా?' అని ఆణ్ణి అడిగుంటే, అవతల పెట్టు అనీవోడు. అంతే కదా. నాను అడగనేదు." మొహింగా గిన్నె కింద పెట్టేశాడు. "అడగనేదు, పైగా ఏలు సూపించినాను. నీకు సెప్పినాను బాబూ, ఇంకెవులితోనూ అనకు."

ఎవరితోనూ అనలేదు. ఆ ఒక్క మాట మాత్రం నిలబెట్టుకున్నాను.

అది జరిగిన ఏడాదికి కాబోలు, ఆ క్రీకు ఒడ్డు కొలవమని మాకే పని పడింది. గిడ్డంగులు కట్టడానికి స్థలం కావాలి. రోడ్డు పక్కన సర్కారు రాయి నుంచి క్రీకు వైపు పది గొలుసుల దూరం, ఆ కొసన మేకు. కాగితం మీద ఒక గీత, అంతే. తాత కళ్ళతోనే కొలిచేశాడు. తొమ్మిది గొలుసుల దాకా ఒట్టి గడ్డి. పదో గొలుసులో పద్నాలుగు గుడిసెలూ, దా మ్యా పొయ్యీ ఉన్నాయి.

ఆ పొద్దున ఆయన మొహింగా తినలేదు. దా మ్యా ముందు నిలబడి, క్రీకు అంచు చూపించి, "యలా?" అని అడిగాడు. ఆమె పులుసు కలుపుతోంది. తల ఎత్తకుండానే, "మయబూ" అంది. కుదరదు అని.

నేను ఆయనతో పనిచేసిన అన్నేళ్ళలో, వద్దు అని ఎవరైనా అనడం అదే మొదలు. తాత నా వైపు తిరిగి, "అడిగినాక ఇనాల కదా బాబూ," అన్నాడు. నేను పెన్సిలు చెక్కుకుంటున్నాను. ఏమన్నాడో పట్టించుకోలేదు.

రాయి దగ్గర కొలత మొదలైంది. దొర గొడుగు కింద కుర్చీ వేయించుకున్నాడు. తాత బీహారు వాడికి చువ్వలు ఇచ్చాడు. పది కాదు, తొమ్మిది. పదోది తనే తీసుకుని, రాయి మొదట్లో గుచ్చి, పీకి, గొలుసు ఇంకా అంగుళం కదలకుండానే గట్టిగా అరిచాడు: "లాబం!"

నాకు అక్కడే అర్థమైంది. కొలవని గొలుసుని కొలిచినట్టు లెక్కలో వేసేశాడు. మొదటి గొలుసుకి "రెండు" అన్నాడు. రెండోదానికి "మూడు" అన్నాడు. ఎండ మండుతోంది, గొలుసు గడ్డిలో పాకుతోంది, ముసలాయన వంగి వంగి చువ్వలు పీకుతున్నాడు. ఆయన గొంతు ఏమీ తడబడలేదు. తొమ్మిదో గొలుసు కొసన "పది!" అన్నాడు. చేతిలో పది చువ్వలూ ఎత్తి చూపించాడు. గడ్డిలో, గుడిసెలకి ఇవతలే, అసలు కొసకి వంద అడుగులు ముందే, మేకు దిగింది. గుడిసెల ముందు నిలబడి చూస్తున్న ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

దొర లేచి వచ్చాడు. కాగితం చూశాడు, మేకుని చూశాడు, క్రీకు వైపు చూశాడు. ఏదో తేడాగా ఉందనుకున్నాడు గాని ఏమిటో అంతుపట్టలేదు. నా వైపు తిరిగి, "సరిగ్గా ఉందా?" అని అడిగాడు.

ఉంది సార్ అంటే చాలు. రెండు మాటలు. అంతే అడిగాడు భగవంతుడు నన్ను ఈ జన్మలో. తాత నా వైపు చూడను కూడా లేదు, గొలుసు చుట్టుకుంటున్నాడు. నా మీద అంత నమ్మకం. పుస్తకంలో నా అక్షరాలు బాగుంటాయని, నా లెక్క తప్పదని దొర ఒకటి రెండుసార్లు మెచ్చుకున్నాడు. ఆ మెప్పు నా నెత్తికెక్కి కూర్చుంది. నా ఉద్యోగం పోతుందన్న భయం కూడా కాదు. భయమైతే నన్ను నేను కాస్త క్షమించుకుందును. తప్పు పట్టుకున్న తెలివి ఎవరికీ చూపించకుండా ఉండలేకపోయాను.

"లేదు సార్. ఒక గొలుసు తక్కువ వచ్చింది," అన్నాను. మావాళ్ళు ఒకటికి బదులు లాభం అంటారని, ఈయన రాయి దగ్గరే ఆ మాట అనేశాడని, తొమ్మిదికే పది అన్నాడని, శుభ్రంగా ఇంగ్లీషులో విడమరిచి చెప్పాను. చెబుతూ వేలు కూడా చూపించాను. దొర నా భుజం తట్టాడు.

తాత గొలుసు నేలమీద పెట్టేశాడు. విసరలేదు, పెట్టాడు. "నువ్వు పట్టు," అన్నాడు నాతో.

పట్టాను. మళ్ళీ రాయి దగ్గరనుంచి వెనక కొస నేనే పట్టుకుని కొలిచాను. మొదటి గొలుసు కాగానే అరవాలి కదా, లాభం అన్న మాట నోట రాలేదు. "ఒకటి," అన్నాను. పదో గొలుసు గుడిసెల మధ్యలోంచి, ఆరేసిన బట్టల కిందనుంచి వెళ్ళింది. మేకు దా మ్యా పొయ్యి వెనక, నీళ్ళ అంచున దిగింది. నేను ఎవర్నీ అడగలేదు. సాయంత్రం దొర రాయమంటే, ఎవరు, ఏం చేశారు అని తాత పేరుతో సహా కాగితం మీద రాసిచ్చాను. మర్నాటికి ఆయనకి ఉద్యోగం లేదు, పడుకోవడానికి ఆఫీసు వెనక రేకుల పాక కూడా లేదు.

తరవాత ఏమైందో మీరు ఊహించుకోగలరు. అన్నీ ఆయన చెప్పిన వరసలోనే అయ్యాయి. నెల తిరక్కుండా గుడిసెల తలుపుల మీద సున్నంతో అంకెలు పడ్డాయి. మిల్లు మెట్లమీద ఒక ఎలక చచ్చి కనపడిందన్నారు. ఆ మిల్లుకి ఏమీ కాలేదు. పట్టపగలు, మగవాళ్ళు పనిలో ఉండగా, కిరసనాయిలు డబ్బాలు వచ్చాయి. ఆడవాళ్ళు గిన్నెలు, చాపలు బయటికి ఈడ్చుకున్నారు. పద్నాలుగూ కాలాయి, దా మ్యాది పదిహేనోది. మర్నాడు పేపర్లో, పట్నం ఆరోగ్యం కోసం అని రెండు వాక్యాలు వేశారు. ఇప్పుడు అక్కడ గిడ్డంగులున్నాయి. ఆ స్థలం పటంలో కింద సన్నటి అక్షరాలతో ఉన్నది నా దస్తూరీయే. అక్షరాలు ఇప్పటికీ బాగానే ఉంటాయి.

గుడిసెలు కాలిన మూడోనాడు, పొద్దున్న నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే తాత మా ఇంటి ముందు నిలబడి ఉన్నాడు. మసి బట్టలు. ఆ వాడవాళ్ళతో కలిసి క్రీకు దాటి తాకేటా వైపు బురదలో పాకలు వేస్తున్నాడట. లోపలికి రమ్మన్నాను. రాలేదు.

"నీకు సెప్పలేదేటి?" అన్నాడు. అంత కోపం నేను ఆయనలో ఎప్పుడూ చూడలేదు. "మాసాయోడి సంగతి ఎవులికీ సెప్పనేదు, నీకొక్కడికే సెప్పినాను. ఎందుకు సెప్పినానేటి? నాను సేసిన ఎదవ పని నువ్వు కూడా నేర్సుకుంటావనా? నాకప్పుడు సెప్పినోడు లేడు. నీకు నాను సెప్పినాను. ఇని, తెలిసి, మళ్ళీ అదే ఏలు సూపించినావు!"

"తాతా, తప్పు లెక్క ఎలా రాయను..." అని ఏదో నసిగాను.

"తప్పు లెక్క!" అని ఉమ్మేశాడు. "ముప్పయ్యేళ్ళు సరైన లెక్కే కొలిసినాను బాబూ. సరైన లెక్కతోటే అంతా కాలిపోనాది. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి తప్పు కొలిసినాను. అదీ నువ్వు ఉంచలేదు."

మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తాత మొలలోంచి ఒక ఇనప చువ్వ తీశాడు. ఎర్రగుడ్డ పేలిక ఇంకా ఉంది. ఉద్యోగం తీసేసినరోజు సామాను అప్పజెప్పించుకుంటే తొమ్మిదే వచ్చాయి, పదోది ఏదని ఆఫీసంతా వెతికించారు. మా గడప ముందు గొంతుక్కూచుని, చువ్వ నేలకి ఆనించి, తల ఎత్తి నన్ను చూశాడు.

"ఇక్కడ పెట్టొచ్చా?" అన్నాడు.

ఆయన ఎదురుచూశాడు. ఎండ పైకెక్కుతోంది, ఆఫీసు వేళ మించిపోతోంది, ముసలాయన అలాగే కూర్చుని ఉన్నాడు. జవాబు వినకుండా పెట్టడు. అది నాకు తెలుసు. వద్దంటే లేచి వెళ్ళిపోతాడనీ తెలుసు.

"పెట్టు తాతా," అన్నాను.

అరచేత్తోనే దిగ్గొట్టాడు, పేలిక దాకా. లేచి, "ఇక్కణ్ణించి లెక్క ఎంచుకో," అని వెళ్ళిపోయాడు. అదే ఆఖరు చూపు. ఆ వానాకాలంలో దా మ్యా పడవ మీద ఇటు పక్కకి మొహింగా అమ్ముకోవడానికి వచ్చినప్పుడు నేనే ఎదురుపడ్డాను. తాత ఎలా ఉన్నాడని అడిగాను. పోయాడని బర్మాలో ఒక్క మాటలో చెప్పింది. జ్వరమట. గిన్నె నింపి నా చేతికిచ్చింది, మొహం చూడలేదు.

ఆ చువ్వ ఇంకా మా గడప ముందే ఉంది. పేలిక చివికి పోయింది. మా ఆవిడ కాలు రెండుసార్లు కోసుకుంది, పీకి అవతల పారెయ్యమని ఒకటే గొడవ. పోయిన శనివారం లాంతరు బొమ్మలు చూసి వచ్చి, చీకటి పడకముందే వంగి దానిమీద చెయ్యి వేశాను కూడా. అది అడిగి పెట్టిన మేకు. తియ్యొచ్చా అని అడగాలంటే ఆయన లేడు. దాన్ని దాటుకుని లోపలికి వెళ్ళాను.